తెనాలిలో అన్నది రేపల్లెలో వినపడేలోపు

మా బంధువుల అమ్మాయి ఒకామె ఈమధ్య ఉద్యోగంలో చేరింది. ఇంటర్నెట్‌లో వీడియోను ప్రత్యక్షంగా ప్రసారం చేసే సర్వర్లను చూసుకోవడం ఆమె పని. ఒకప్పుడు నేనూ అదే పని చేశానని తెలిసి, అప్పట్లో ఎలా చేసేవారు పెదనాన్నా అని అడిగింది. మా సర్వరు పక్కన ఎప్పుడూ ఒక చీపురు ఉండేదని, వేడికి సర్వరు మీద చేరే బల్లుల్ని తోలడానికి అది తప్పనిసరి సామాననీ చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోలేక, ఇవన్నీ రాసిపెట్టండి అంది. అందుకే ఇది.

నా పేరు కోటేశ్వరరావు. మాది తెనాలి. రేడియోలు బాగుచేయడంతో మొదలుపెట్టి, కేబుల్ టీవీ మీదుగా కంప్యూటర్ల దగ్గరికి వచ్చి, చివరికి ఒక జూనియర్ కాలేజీలో సిస్టమ్స్ ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను. ఆ కాగితాలు మా ఆవిడ బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఆవిడే వాటిని ఇంతవరకు చదవలేదు, మీకెందుకు?

చివరి ఇంటి టీవీ

నా మొదటి యజమాని సుబ్బయ్య గారు తెనాలిలో కేబుల్ టీవీ నడిపేవారు. చదువు తక్కువ, కోపం ఎక్కువ. కొత్త చానల్ కలిపినప్పుడల్లా నేను మా గదిలో ఉన్న టీవీ చూసి, బొమ్మ అద్దంలా ఉందండి అనేవాణ్ణి. ఆయన నన్ను సైకిలెక్కించి, మా వైరు ఆగిపోయే చివరి వీధికి పంపేవారు. ఆ వీధి చివర ఒక పెద్దావిడ ఇంట్లో కూర్చుని, అక్కడ బొమ్మ ఎలా వస్తోందో చూసి రావాలి. ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా తెర మీద వాన పడుతూనే ఉండేది. ఆవిడ మాత్రం ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. సినిమాలో నిజంగానే వాన కురుస్తోంది అనుకునేదట.

మన గదిలో బాగుండటం కాదు, ఆవిడ ఇంట్లో బాగుంటే పని అయినట్టు అని సుబ్బయ్య గారు రోజుకోసారి తిట్టేవారు. ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఆయన తిట్లు చాలావరకు మర్చిపోయాను. ఈ ఒక్కటి మర్చిపోకుండా ఉండాల్సింది. మర్చిపోయాను.

ఒక మాస్టారు, మూడు ఊళ్లు

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయిన రోజులవి. మా ఊళ్లకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చింది. నేను పనిచేసే కాలేజీకి తెనాలిలో పెద్ద భవనం, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి చిన్న శాఖలు ఉండేవి. నడిపేది ప్రసాద్ గారు. అందరం ఆయన్ను కరస్పాండెంట్ గారు అనేవాళ్లం. చుండూరు దగ్గర పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఉదయం ఆరింటికే కాలేజీకి వచ్చి, ఏ ఫ్యాను కీచుమంటోందో విని రాసుకునేవారు. చెడ్డవారు కాదు. కాకపోతే ప్రతి మనిషినీ ఆ ఫ్యాన్ల లాగే చూసేవారు. తిరుగుతోందా, లేదా. అంతే.

మా లెక్కల మాస్టారు లక్ష్మీనరసింహం గారు. పంచె, లాల్చీ, జేబులో నాలుగు రంగుల సుద్దముక్కలు. ఆయన పాఠం కోసమే పిల్లలు చేరేవారు. వారంలో మూడు రోజులు తెనాలిలో చెప్పి, మిగతా రోజులు రైలెక్కి బాపట్లకీ రేపల్లెకీ వెళ్లేవారు. ఆయన లేని రోజుల్లో రేపల్లెలో విజయకుమారి గారు, బాపట్లలో మస్తాన్‌రావు గారు లెక్కలు చెప్పేవారు. మాస్టారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. రైలు మెట్లెక్కడం కష్టమవుతోందని ఒకరోజు ఆయన అన్న మాట కరస్పాండెంట్ గారి చెవిన పడింది. మర్నాడు నన్ను పిలిచారు.

"మాస్టారు తెనాలిలో చెప్తుంటే మిగతా రెండూళ్లలో అదే టైంకి కనపడాలి. చేయగలవా?"

చేయొచ్చండి అన్నాను. ఎలా అని ఆయన అడగలేదు. నాకూ అప్పటికి తెలియదు.

హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, అంతా మేమే చూసుకుంటాం, పాఠం మా దగ్గరికి పంపండి, అక్కణ్ణుంచి మేం పంపిస్తాం అన్నారు. కరస్పాండెంట్ గారికి ఆ మాట నచ్చలేదు. మన మాస్టారి పాఠం మన ఇంట్లోంచే పోవాలి గానీ వాళ్లింటి మీదుగా ఎందుకు పోవాలి అన్నారు. కారణం ఏదైనా, నిర్ణయం నాకు నచ్చింది. అద్దెకు తెచ్చుకున్నది చెడిపోతే ఫోను చేసి ఎదురుచూడాలి. సొంతది చెడిపోతే కనీసం విప్పి చూడొచ్చు. నెల రోజులు ఇంటర్నెట్‌లో చదివి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుని, మామూలు కంప్యూటరునే సర్వరుగా మార్చాను. రికార్డుల గదిలో పాత జవాబు పత్రాల కట్టల మధ్య దాన్ని ప్రతిష్ఠించాను.

కెమెరాకి మాత్రం పెళ్లిళ్లు తీసే బాజీని తీసుకొచ్చాం. పనిమంతుడే, అలవాట్లే ఇబ్బంది. పెళ్లిలో తాళి కట్టే క్షణం తప్ప మిగతా సమయమంతా వచ్చినవాళ్లని చూపించడం అతని వృత్తి ధర్మం. మాస్టారు బోర్డు మీద జవాబు రాస్తున్న సరైన సమయానికి కెమెరా మెల్లగా తిప్పి మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా అందర్నీ చూపించేవాడు. ఇక్కడ తాళి అంటే జవాబేనయ్యా అని నేను వారం రోజులు చెప్పాను.

పరికరాలు బిగించడానికి రేపల్లె వెళ్లిన రోజు విజయకుమారి గారే దగ్గరుండి చూసుకున్నారు. ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. చెరుకుపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. టిఫిన్ డబ్బాలోంచి నాకు రెండు పులిహోర ముద్దలు పెట్టి, నేను తెర కడుతుంటే అడిగారు.

"ఈ తెర వచ్చాక మేం ఏం చెయ్యాలండి?"

పిల్లలు అల్లరి చేయకుండా చూసుకుంటే చాలండి అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆవిడా నవ్వారు.

నోరు తెరిచి ఆగిపోయిన మాస్టారు

మొదటి రోజు పెద్ద హడావిడి. కొబ్బరికాయ కొట్టారు. సర్వరుకి బొట్టు పెట్టారు. నేను తెనాలిలో రెండు కంప్యూటర్లలో పాఠం చూసి, అద్దంలా ఉందండి అన్నాను. సుబ్బయ్య గారు అక్కడ ఉంటే సైకిలెక్కించేవారు.

రేపల్లెలో ఇంకా ప్రొజెక్టరు రాలేదు. అందుకని పిల్లల్ని ల్యాబులో ఇరవై కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. బాపట్లలోనూ అంతే. పది గంటలకి అందరూ ఒకేసారి మీట నొక్కారు. మా బ్రాడ్‌బ్యాండ్ లైనులో బయటి నుంచి మన దగ్గరికి వచ్చే దారి వెడల్పు, మన దగ్గర్నుంచి బయటికి పోయే దారి సన్నం. ఇంట్లో కూర్చుని చూసేవాడికి అది చాలు. పంపేవాడికి ఆ సన్నదారే దిక్కు. నలభై కంప్యూటర్లు, ఒక్కొక్కటీ తన వంతు పాఠం తనకి విడిగా కావాలంటే, ఆ దారి ఒక్క నిమిషంలో పూడుకుపోయింది.

సందేహాలు అడగడానికని ప్రతి ఊళ్లోనూ తరగతి గదిలో ఒక ఫోను పెట్టాం. తెనాలిలోది మోగింది. రేపల్లె గుమస్తా చాలా మర్యాదగా చెప్పాడు, మాస్టారు ఆవలిస్తూ ఆగిపోయారండి అని. ఇరవై తెరల మీద ఇరవై మంది మాస్టార్లు నోరు తెరుచుకుని పావుగంట అలాగే ఉన్నారట. పిల్లలు ఇంత శ్రద్ధగా ఆయన్ను ఎప్పుడూ చూడలేదట.

మందు చిన్నదే. ఊరికొక ప్రొజెక్టరు, ఊరికొక్క కంప్యూటరు. తెనాలి నుంచి రెండే రెండు ధారలు పోవాలి. అది కనుక్కోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. సన్నదారి సంగతి ముందే ఆ లైను కాగితంలో రాసి ఉందని కనుక్కోవడానికి ఇంకో రోజు పట్టింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీ బల్ల మీద తెరని నమ్మకండి. బస్సెక్కి అవతల ఊరు వెళ్లి, చివరి బెంచీలో కూర్చుని ఒక గంట చూడండి. ఆ గంటలో తెలిసేది ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆ తర్వాత ఒక విషయంతో కలిసి బతకడం నేర్చుకున్నాం. ఆలస్యం. కెమెరా ఇచ్చిన బొమ్మని ఒక కంప్యూటరు కుదించాలి. సర్వరు పంపాలి. అవతలి కంప్యూటరు కొంత ముందుగా దాచుకుని, ఆ దాచుకున్న దాన్ని చూపించాలి. దాచుకోకపోతే లైను తడబడినప్పుడల్లా బొమ్మ ఆగుతుంది. మా లైన్ల తడబాటుకి తగ్గట్టు నేను బాగానే దాచిపెట్టాను. తెనాలిలో మాస్టారు అన్న మాట రేపల్లెలో వినపడేసరికి నలభై సెకన్లు పట్టేది. ఆయన, అర్థమైందా అని అడిగి, తెనాలి పిల్లలు తలూపగానే తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయేవారు. ఆ లెక్క సగంలో ఉండగా ఫోనులో రేపల్లె పిల్లల జవాబు వచ్చేది, అర్థం కాలేదు సార్ అని. ఏది అర్థం కాలేదో కనుక్కోవడానికి ఇంకో నలభై సెకన్లు. మాస్టారు పాపం ఓపిగ్గా భరించారు. మొహాలు కనపడకుండా చెప్పడం, గోడ అవతలి వాళ్లకి అన్నం వడ్డించినట్టుందయ్యా అని మాత్రం నాతో అనేవారు.

ఇలా నాలుగు నెలలు నడిచింది. రేపల్లెలో విజయకుమారి గారు తెర పక్కన కుర్చీలో కూర్చుని పిల్లలు అల్లరి చేయకుండా చూసుకునేవారు.

మైకు

మాస్టారి లాల్చీకి చిన్న మైకు తగిలించేవాళ్లం. మధ్యలో పావుగంట విరామం. ఆ పావుగంటా ప్రసారం ఆపేవాణ్ణి కాదు. ఆపి మళ్లీ మొదలుపెడితే అవతలి కంప్యూటర్లు అలిగి కూర్చునేవి. అందుకని కెమెరాను ఖాళీ బోర్డు వైపు తిప్పి, మాస్టారి మైకు మీట మాత్రం నేను చేత్తో కట్టేసేవాణ్ణి. మనిషి చేత్తో గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని మీద ఏ ఏర్పాటూ నిలబెట్టకూడదని ఇప్పుడు చెబుతాను. అప్పుడు నాకు నా జ్ఞాపకశక్తి మీద గొప్ప నమ్మకం.

ఆ రోజు విరామం మొదలవగానే రికార్డుల గదిలో యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. కరెంటు పోయిందేమోనని పరిగెత్తాను. తెనాలిలో కాదు, బాపట్లలో పోయి అక్కడి తెర ఆరిపోయిందని తర్వాత తెలిసింది, ఇక్కడ బ్యాటరీ వైరు వదులైందంతే. అది బిగించి, అదే గదిలో సర్వరు పక్కనున్న నా బల్ల దగ్గర కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. టీ గ్లాసు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత కరస్పాండెంట్ గారి గొంతు.

"పరీక్షలవగానే రేపల్లెలో విజయకుమారిని, బాపట్లలో మస్తాన్‌రావుని పంపించేద్దాం మాస్టారూ. మీరు తెర మీద కనపడుతుంటే వాళ్లెందుకు? పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఒక అటెండరు చాలు."

మైకు మీట కట్టేయలేదని అప్పుడు తెలిసింది. ఆలోచించకుండా సర్వరు వెనక చేయిపెట్టి లైను పీకేశాను. హమ్మయ్య అనుకున్నాను.

ఆ హమ్మయ్య రెండు సెకన్లుంది. లైను పీకితే ఇకముందు పోవాల్సింది పోదు. పోయింది పోయినట్టే. ఆ మాట అప్పటికే రేపల్లె కంప్యూటరులో చేరి, తన వంతు కోసం ఎదురుచూస్తోంది. నలభై సెకన్లలో పెద్ద స్పీకర్లలో మోగుతుంది. ఎండ మండిపోతున్న రోజు, విరామంలో పిల్లలెవరూ గది దాటరు.

ఫోను అందుకుని ముందు రేపల్లె నంబరు తిప్పాను. ఒక చెవికి రిసీవరు, రెండో చెవి మీద ఇంకా హెడ్‌ఫోన్. లైను పీకినా మాస్టారి మైకు నేరుగా నా దాకా వస్తూనే ఉంది కదా. అవతల ఫోను మోగుతుండగా ఈ చెవిలో మాస్టారి జవాబు విన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"ఆ అమ్మాయి చెప్పినట్టు ప్రాబబిలిటీ నేను చెప్పలేనండి. ఆవిడ ఉండదంటే నాకూ ఈ మైకు వద్దు, తీసేసుకోండి."

అప్పుడే అవతల ఫోను ఎత్తారు. విజయకుమారి గారే. కొంచెం ఆ స్పీకర్లు ఆపేయండమ్మా అన్నాను.

"ఎందుకండి?"

కరెంటు సంగతో వైర్ల సంగతో చెప్పొచ్చు. నేను వెతుక్కుంటుండగానే, ఆవిడ ఫోనులోంచి, ఆవిడ వెనక ఉన్న గది గోడల్లోంచి, కరస్పాండెంట్ గారి గొంతు మళ్లీ విన్నాను. పంపించేద్దాం మాస్టారూ. అటెండరు చాలు. ఆ తర్వాత ఏమీ లేదు. నేను పీకిన లైను అక్కడితో తెగింది.

"వినపడిందండి" అని ఆవిడ ఫోను పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

నేను చేసిన పని ఏంటో కుర్చీలో కూర్చున్నాక అర్థమైంది. చెడ్డమాట దాటిపోనిచ్చి, మంచిమాటకి అడ్డంపడ్డాను. నేను అసలేమీ చేయకుండా చేతులు ముడుచుకుని కూర్చుని ఉంటే రేపల్లె వాళ్లు రెండూ వినేవారు. కంగారులో చేసిన దిద్దుబాటు అసలు తప్పుని మించిపోతుందని నేను చాలామందికి చెప్పాను. ఆ మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

వెళ్లి ఇద్దరికీ జరిగింది చెప్పాను. మాస్టారు లాల్చీకి ఉన్న మైకుని తేలుని చూసినట్టు చూశారు. కరస్పాండెంట్ గారు చాలాసేపు గ్లాసులో టీ తిప్పుతూ కూర్చున్నారు. చివరికి చాలా మెల్లగా అడిగారు.

"వెనక్కి తీసుకోలేమా?"

తీసుకోలేమండి అన్నాను. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

రేపల్లె ప్యాసింజరు

మర్నాడు ఉదయం మాస్టారు రేపల్లె వెళ్లడానికి స్టేషన్‌కి వస్తున్నారని తెలిసి నేనూ వెళ్లాను. మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నారు. రైల్లో వేమూరు దాటేదాకా మోకాళ్లు నిమురుకుంటూ కూర్చున్నారు. నా సంచిలో ఒక సీడీ ఉంది. మా సర్వరు ప్రతి పాఠాన్నీ తనలో దాచుకునేది. మైకు నుంచి వచ్చింది వచ్చినట్టు ఇంకో కంప్యూటరులో విడిగా రికార్డయ్యేది. మాస్టారి జవాబు అందులో ఉంది. దాన్ని సీడీలోకి ఎక్కించి తెచ్చాను. పాడైన పనిని పరికరంతోనే సరిచేయాలన్నది మా జాతి లక్షణం.

ఆ సంగతి చెబితే మాస్టారికి కోపం వచ్చింది. నేను బతికుండగా నా మాటకి రికార్డు సాక్ష్యం ఎందుకయ్యా, తీసి లోపల పెట్టు అన్నారు.

రేపల్లెలో విజయకుమారి గారు తరగతిలో ఉన్నారు. మేం వెళ్లేసరికి ముందురోజు తెగిపోయిన లెక్కని ఆవిడే పూర్తి చేస్తున్నారు. తెర చుట్టేసి ఉంది. ముందురోజు కూడా, ఫోను పెట్టేశాక, సుద్దముక్క తీసుకుని మిగతా గంటంతా ఆవిడే చెప్పారట. పిల్లలు చప్పుడు చేయకుండా విన్నారట.

స్టాఫ్ రూములో మాస్టారు జరిగిందంతా చెప్పారు. తను ఏమన్నదీ చెప్పారు. ఆవిడ తలవంచుకుని విన్నారు. అలాగేనండి అన్నారు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. మాస్టారు మంచినీళ్ల కోసం బయటికి వెళ్లినప్పుడు నా వైపు తిరిగారు.

"నిజంగా అన్నారా?"

"అన్నారండి. నేను విన్నాను. అది మీదాకా రాకుండా వైరు పీకింది నేనే."

అప్పుడు ఆవిడకి కోపం వచ్చింది. అది కరస్పాండెంట్ గారి మీద కాదు. "తెర కట్టిన రోజే మిమ్మల్ని అడిగానండి, మేం ఏం చెయ్యాలని. మీకు అప్పుడే తెలుసు కదా."

తెలుసా? ఎవరూ నాతో చెప్పలేదు, నిజమే. కానీ ఒక మాస్టారిని మూడు ఊళ్లలో చూపించే ఏర్పాటు ఎందుకు చేస్తారో ఊహించలేనంత అమాయకుణ్ణేం కాదు. లైను ఎంత వెడల్పో, యూపీఎస్ ఎంతసేపు నిలబడుతుందో, బల్లులు ఎటువైపు నుంచి వస్తాయో అన్నీ ఆలోచించాను. ఆ గదుల్లో అప్పటికే పాఠం చెబుతున్న ఇద్దరు మనుషులు ఏమవుతారో ఆలోచించడం నా పని కాదనుకున్నాను. అనుకోవడం హాయిగా ఉంటుంది కాబట్టి అనుకున్నాను.

"ఊహించానండి. చెప్పలేదు. తప్పే" అన్నాను.

ఆవిడ డబ్బా తీసి మాస్టారి కోసం ఒక ప్లేటులో పెరుగన్నం పెట్టారు. కాసేపటికి ఇంకో ప్లేటు తీసి నాకూ పెట్టారు.

చివరి బెంచీ

కరస్పాండెంట్ గారు క్షమించమని అడిగే మనిషి కాదు. ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. వారం తర్వాత ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా రేపల్లె వెళ్లారు. ఫ్యాన్లు చూడటానికి వచ్చారనుకున్నాడట అక్కడి గుమస్తా. ఆయన నేరుగా విజయకుమారి గారి తరగతికి వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, మళ్లీ పాఠంలో పడిపోయారు. గంట మోగేదాకా ఆయన కదల్లేదు. తర్వాత ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నాకు మాత్రం మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"కెమెరా పట్టుకుని రేపల్లె వచ్చెయ్. ప్రాబబిలిటీ ఇక్కణ్ణుంచి చెప్తారు."

తీసేయాలనుకున్న ఇద్దరినీ తీసేయలేదు. ఎవరికి ఏ పాఠంలో పట్టుంటే ఆ పాఠం వాళ్ల ఊరి నుంచి వెళ్లాలని, మిగతా రెండు గదుల్లో లెక్కల లెక్చరర్ తప్పనిసరిగా నిలబడి ఉండాలని మాస్టారు పట్టుబట్టారు. కరస్పాండెంట్ గారు తల ఊపారు. నేను చూసిన బాసుల్లో తప్పు ఒప్పుకున్నవాళ్లు తక్కువ. ఒప్పుకోకుండానే దిద్దుకున్నవాళ్లు ఇంకా తక్కువ. ఆయన్ను ఆ రెండో వరసలో రాసుకున్నాను.

కెమెరానీ దాని కంప్యూటరునీ బాజీ, నేను రైల్లో చెరోవైపు పట్టుకుని రేపల్లె తీసుకెళ్లాం. సర్వరు తెనాలిలోనే ఉంది. రేపల్లె నుంచి పాఠం తెనాలి వచ్చి, అక్కణ్ణుంచి బాపట్లకి వెళ్లేలా మార్చాను. మైకుకి ఎర్రదీపం ఒకటి బిగించాను, వెలుగుతుంటే వింటున్నట్టు. ఆ దీపం నాలుగు నెలల ముందే బిగించాల్సింది. పరికరాలన్నీ సరిచూసి, బాజీకి కెమెరా అప్పగించి, పాఠం రోజున నేను తెనాలి హాల్లో ఉన్నాను. అవతల ఊళ్లో కూర్చుని చూడటం ఆలస్యంగానైనా నేర్చుకున్నాను.

హాలు నిండింది. కరస్పాండెంట్ గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. లక్ష్మీనరసింహం మాస్టారు వచ్చి మొదటి బెంచీలో పిల్లల మధ్య కూర్చుని, నోటు పుస్తకం తెరిచి, పైన తేదీ వేసుకున్నారు.

తెర మీద విజయకుమారి గారు కనిపించారు. నాలుగు నెలలు అవతలి వైపు కూర్చుని చూసిన మనిషి కదా, ఆలస్యం ఆవిడకి కొత్త కాదు. అర్థమైందా అని అడగలేదు. ఒక సంచిలో నాలుగు ఎర్ర బంతులు, మూడు నల్ల బంతులు ఉన్నాయన్నారు. ఒక బంతి తీసి, రంగు చూడకుండా కిటికీలోంచి బయట పారేశాం, ఇప్పుడు రెండో బంతి తీస్తే అది ఎర్రదయ్యే అవకాశం ఎంత అన్నారు. అని, చేతులు కట్టుకుని ఊరుకున్నారు. నలభై సెకన్లు కాదు, ఇంకా ఎక్కువసేపే ఊరుకున్నారు. హాల్లో పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఆలస్యంతో నేను నాలుగు నెలలు కుస్తీపట్టాను. ఆవిడ దానికి పని అప్పజెప్పారు.

తర్వాత జవాబు చెప్పారు. మొదటి బంతిని చూడనప్పుడు అది బయట పారేసినా ఒకటే, సంచి అడుగున ఉండిపోయినా ఒకటే, కాబట్టి అవకాశం మారదు, ఏడింట నాలుగే అన్నారు. పిల్లల్లో సగంమంది తల గోక్కున్నారు. మాస్టారు తన పుస్తకంలో లెక్క వేసి చూసుకున్నారు. జవాబు సరిపోయింది. ఆయన మొహంలో మాత్రం ఏదో తేలలేదు. జవాబు ఆయనకి తెలుసు, ఆవిడ చెప్పిన కారణం మీద సందేహం. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, తెర వైపు చూస్తూ చెయ్యెత్తారు.

తెర మీద మనిషికి ఇక్కడి చెయ్యి కనపడదు. ఆ సంగతి ఆ హాల్లో అందరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. అయినా చెయ్యి దించలేదు. పిల్లలు ఎవరూ నవ్వలేదు. గుమ్మం దగ్గర కరస్పాండెంట్ గారు నా వైపు చూశారు.

నేను ఫోను తీసుకుని రేపల్లె నంబరు తిప్పాను. తెర మీద ఆవిడ ఇంకా బోర్డు తుడుస్తున్నారు, కానీ ఫోనులో గొంతు వెంటనే వచ్చింది.

"అమ్మా, ఇక్కడ లక్ష్మీనరసింహం మాస్టారు చెయ్యెత్తారండి" అన్నాను.

ఆవిడ తరగతిలో ఎవరితోనైనా అన్నట్టే, "లేచి నిలబడి అడగమనండి" అన్నారు.

ఆ మాట చెప్పాను. మాస్టారు మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచి నిలబడ్డారు.